ఫారెన్‌హీట్ 451 మళ్లీ చదివాను: పుస్తకాలు కాలకముందే ఏం పోయింది?

పాతపుట:

ఈ నవల మొదటిసారి చదివినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. అప్పుడు మనసులో నిలిచిపోయింది మంటే. ఇళ్ల మీద పడి కిరోసిన్ పోసి పుస్తకాలు కాల్చే ఫైర్‌మెన్, గాల్లోకి లేచే కాలిన కాగితాలు. పోయిన వారం మళ్లీ చదివాను. ఈసారి మంట కంటే ఒక చిన్న వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రే బ్రాడ్‌బరీ రాసిన ఈ నవల 1953లో వచ్చింది. మాంటాగ్ ఒక ఫైర్‌మన్. ఆ కాలంలో ఇళ్లకు నిప్పంటుకోదు, అందుకని ఫైర్‌మెన్ పని మంటలు ఆర్పడం కాదు, పుస్తకాలు దాచిన ఇంటిని తగలబెట్టడం. అలా తగలబెట్టే మాంటాగే ఒకరోజు ఒక పుస్తకం దొంగతనంగా ఇంటికి తెచ్చుకుంటాడు. మిగతా కథంతా దాని పర్యవసానమే.

ఇప్పుడు ఆ వాక్యం సంగతి. మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ రాత్రింబవళ్లు చెవుల్లో 'సీషెల్' అనే బుల్లి రేడియోలు పెట్టుకునే ఉంటుంది. భర్త ఏదైనా అంటే వాటిని తీయదు. అతని పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. పదేళ్లుగా అలా ఉండీ ఉండీ పెదాల కదలిక చదవడంలో ఆరితేరిపోయింది. బ్రాడ్‌బరీ ఈ మాట ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు వెళ్లిపోతాడు. నేను మాత్రం పుస్తకం మూసేశాను. ఇంట్లో ఎవరైనా పిలిస్తే నేను ఒక చెవిలోది మాత్రమే తీసి, రెండోదాంట్లో పాట వింటూనే తల ఊపుతాను. కొన్నేళ్లుగా ఇదే అలవాటు.

ఇన్నాళ్లూ ఇది సెన్సార్‌షిప్ మీద రాసిన నవల అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. అక్కడ పుస్తకాలు కాలడం చివర్లో జరిగిన పని. అంతకు చాలా ముందే మనుషులు ఒకరి మాట ఒకరు వినడం మానేశారు. మీకేమనిపిస్తుంది?

రాత్రిచదువు:

పాతపుట గారూ, నన్ను పట్టేసింది గోడలు. మిల్డ్రెడ్ హాల్లో మూడు గోడలూ టీవీలే. నాలుగోది కూడా కావాలని అడుగుతుంది. రెండు వేల డాలర్లే కదా అంటుంది. అది మాంటాగ్ ఏడాది జీతంలో మూడో వంతు. ఆ గోడల్లోని మనుషుల్ని ఆమె 'కుటుంబం' అంటుంది.

అక్కడొక చిన్న పరికరం ఉంది, చాలామంది గమనించరు. వంద డాలర్లు పెట్టి కొన్న ఒక యంత్రం. అనౌన్సర్ ప్రేక్షకులందరినీ ఉద్దేశించి మాట్లాడేటప్పుడు ఖాళీ వదిలిన చోట ఈ యంత్రం మిల్డ్రెడ్ పేరు ఇరికిస్తుంది. తననే పలకరిస్తున్నారని ఆమె మురిసిపోతుంది. అంతటితో అయిపోలేదు. ఆ పేరు పలికినట్టే కనబడేలా అనౌన్సర్ పెదాల దగ్గర బొమ్మను మార్చే యంత్రం ఇంకొకటి ఉంటుంది. ఇది 1953 నాటి ఊహ అని గుర్తుపెట్టుకోండి. ఈమధ్య ఒక వీడియోలో ఒక ప్రముఖుడు తను ఎప్పుడూ అనని మాటలు అంటుంటే, పెదాలు అక్షరం అక్షరానికీ సరిపోతుంటే చూసి నాకు ఒళ్లు జలదరించింది. నవలలో ఆ యంత్రం మోసం కోసం కాదు. మనిషికి తను ముఖ్యమైనవాణ్ణన్న భావన కలిగించడం కోసం. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

మూడోసారి:

మీ ఇద్దరితో సగమే ఏకీభవిస్తాను. ఈ నవల మూడుసార్లు చదివాను, చదివినప్పుడల్లా ఒకటే అనుమానం. "ప్రభుత్వం చేయలేదు, జనమే పుస్తకాలు వద్దనుకున్నారు" అన్న మాట నవలలో మొదట ఎవరి నోట వస్తుంది? మాంటాగ్ పై అధికారి కెప్టెన్ బీటీ నోట. అంటే మంట పెట్టించేవాడి నోట. ఎవరి చేతిలో ఫ్లేమ్‌త్రోయర్ ఉందో అతనే "మీరే కోరుకున్నారు కదా" అంటుంటే మనం తలూపడం నాకు నచ్చదు.

చరిత్ర గురించి వాళ్ల రూల్‌బుక్‌లో ఏముందో చూడండి. అమెరికాలో ఫైర్‌మెన్ వ్యవస్థ 1790లో ఇంగ్లిష్ ప్రభావం ఉన్న పుస్తకాలు కాల్చడానికే పుట్టిందట, మొదటి ఫైర్‌మన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ అట. నిజానికి ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో మంటలు ఆర్పే సంఘం పెట్టాడు. దానికి ఐదేళ్ల ముందు, 1731లో, ఒక గ్రంథాలయం పెట్టాడు. ఆ రెండు మంచి పనుల్నీ కలిపి తిరగేసి అచ్చేశారు. అది అచ్చేసింది జనం కాదు కదా, ఫైర్ డిపార్ట్‌మెంట్.

బ్రాడ్‌బరీ మాట కూడా కాలాన్ని బట్టి మారింది. 1956లో ఒక రేడియో ఇంటర్వ్యూలో, మెకార్తీ రోజుల్లో (కమ్యూనిస్టులన్న అనుమానంతో అమెరికాలో మనుషుల్ని వేటాడిన కాలం) దేశంలో జరుగుతున్నది చూసి, పుస్తకాలు కాల్చేస్తారేమో అన్న దిగులుతో రాశానన్నాడు. 2007కి వచ్చేసరికి ఇది సెన్సార్‌షిప్ గురించి కాదు, టీవీ చదివే ఆసక్తిని ఎలా చంపేస్తుందో దాని గురించి అన్నాడు. నాకు 1956 బ్రాడ్‌బరీ మీదే నమ్మకం ఎక్కువ. నవల రాసిన వేడి ఇంకా చల్లారని మనిషి ఆయన.

పాతపుట:

మూడోసారి గారూ, బీటీ మాట నమ్మొద్దంటే సరే. మరి ఫేబర్ సంగతో? ఆయన ముసలి ప్రొఫెసర్, బీటీకి పూర్తిగా అవతలి పక్షం. జనం తమంతట తామే చదవడం మానేశారని ఆయనా అంటాడు. అంతకంటే కఠినమైన మాట తన గురించే చెప్పుకుంటాడు. ఇదంతా ఎటు పోతోందో నాకు ముందే తెలుసు, అయినా నోరు మెదపలేదు అంటాడు. దొంగకీ దొరకీ ఇద్దరికీ ఒకే సాక్ష్యం కుదిరినప్పుడు దాన్ని తోసెయ్యలేం.

ఫ్రాంక్లిన్ సంగతి మాత్రం బాగా పట్టుకున్నారు. 1731 గ్రంథాలయం నాకు స్ఫురించలేదు.

సర్వర్‌గది:

సాంకేతిక రంగంలో పనిచేసేవాడిగా రెండు విషయాలు.

మొదటిది. వెబ్‌లో పేజీ దొరక్కపోతే 404 అని వస్తుంది, అది అందరికీ తెలుసు. 451 అని కూడా ఒక కోడ్ ఉంది. చట్టపరమైన కారణాల వల్ల ఈ పేజీ చూపించలేం అని దాని అర్థం. టిమ్ బ్రే అనే ఇంజనీర్ 2012లో ప్రతిపాదించాడు, 2016 ఫిబ్రవరిలో అధికారిక ప్రమాణంగా ప్రచురించారు. ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. ఆ కోడ్‌ని నేను గౌరవిస్తాను. ఎందుకంటే అది "పేజీ లేదు" అని అబద్ధం చెప్పదు. "ఉంది, కానీ చూడనివ్వడం లేదు" అంటుంది. కాల్చిన చోట బూడిదైనా కనబడాలి కదా.

రెండోది ఇంకా ముఖ్యం. 2009 జులైలో అమెజాన్ తన పాఠకుల కిండిల్‌లలోంచి కొన్ని ఈ-పుస్తకాల్ని దూరం నుంచే తీసేసింది. వాటిలో ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' ఉన్నాయి. అమ్మినవాళ్లకు హక్కులు లేవన్నది కారణం, డబ్బు వెనక్కి ఇచ్చారు, తర్వాత క్షమాపణ కూడా చెప్పారు. కానీ ఒక విద్యార్థి ఆ పుస్తకం పక్కన రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయింది. ఏ వాక్యం గురించి రాశాడో ఆ వాక్యమే లేదు. మంట లేదు, పొగ లేదు, తలుపు తట్టినవాడు లేడు. మాంటాగ్ లాంటి మనిషి అవసరం కూడా లేదు, అదే నన్ను కలవరపెట్టింది. మాంటాగ్ మనిషి కాబట్టే ఒకరోజు చెయ్యి వణికి పుస్తకం దాచాడు. ప్రోగ్రామ్ చెయ్యి వణకదు.

నెమలీక:

సర్వర్‌గది గారి చివరి మాట కాసేపు వదల్లేదు నన్ను.

మంట లేకుండా కాల్చడానికి ఈ నవలే బలైన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ప్రచురణకర్తలు బాలంటైన్ వాళ్లు 1967 నుంచి హైస్కూలు పిల్లల కోసం ఒక ప్రతి వేశారు. అందులో డెబ్భై అయిదు చోట్ల మాటలు మార్చారు. తిట్లు తీసేశారు, కొన్ని సంఘటనలు మెత్తబరిచారు. రచయితకు చెప్పలేదు. కొన్నేళ్లకు బజార్లో ఆ ప్రతి ఒక్కటే మిగిలింది. 1979లో విషయం బయటపడి బ్రాడ్‌బరీ పట్టుబడితే అసలు పాఠం తిరిగి వచ్చింది. పుస్తకాలు కాల్చడం తప్పని చెప్పే పుస్తకాన్ని అన్నేళ్లు పిల్లలు అలా చదివారు, అదే అసలుదనుకుని.

నేను పాఠాలు చెప్తాను. బీటీ ప్రసంగంలో నన్ను కదిలించేది మెట్ల వరస. గొప్ప నవలల్ని మొదట పదిహేను నిమిషాల రేడియో కార్యక్రమంగా కత్తిరించారు, తర్వాత రెండు నిమిషాల్లో చదివే కాలమ్‌గా, చివరికి నిఘంటువులో పది పన్నెండు లైన్లుగా. హామ్లెట్ ఒక్క పేజీ.

పోయిన నెల మా క్లాసులో ఒక కథ చదువుకుని రమ్మన్నాను, పన్నెండు పేజీలు ఉంటుంది. ప్రశ్నలు అడిగితే అందరూ టకటకా చెప్పారు. పాత్రల పేర్లు, ఎవరికి ఏమైంది, కథ ఏం చెబుతోంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు సంతోషమేసింది. ఆ తర్వాత ఒకటే అడిగాను, "చదువుతూ ఎక్కడ ఆగారు?" అని. క్లాసంతా నిశ్శబ్దం. ఒకమ్మాయి మెల్లగా "ఆగడం అంటే ఏంటి మేడమ్?" అంది. ఎక్కువమంది చదివింది ఏఐ రాసిచ్చిన సారాంశం. అందులో ఆగడానికి చోటే ఉండదు. ఆ పిల్ల అబద్ధం ఆడలేదు, నన్ను ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. నేను ఆ రోజు కోప్పడలేకపోయాను. మొదటి పేరా బోర్డు మీద రాసి, అందరం కలిసి గట్టిగా చదివాం. పీరియడ్ అంతా ఆ ఒక్క పేరాతోనే సరిపోయింది.

కొత్తపాఠకుడు:

నేను ఇక్కడ అందరికంటే చిన్నవాణ్ణి అనుకుంటా. ఒక మాట చెప్పొచ్చా? ఈ నవల నేను ఫోన్లోనే చదివాను. సగం ఆడియోలో విన్నాను, అదీ చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకునే. అసలు దీని గురించి తెలిసింది కూడా ఒక మూడు నిమిషాల వీడియో వల్ల. మీ లెక్కన నేను మిల్డ్రెడ్‌నేనా?

బ్రాడ్‌బరీ కూడా ఈ-పుస్తకం వద్దని చాలాకాలం పట్టుబట్టి 2011లోగానీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే నా చేతికి వచ్చేది కాదేమో. పైగా ఫేబర్ ఏమంటాడు? నీకు కావాల్సింది పుస్తకాలు కావు, ఒకప్పుడు పుస్తకాల్లో ఉన్నవి, అవి రేడియోలోనూ టీవీలోనూ ఉండొచ్చు, కానీ లేవు అంటాడు. మూడు కావాలంటాడు. జీవితపు నేత ఎలా ఉందో దగ్గరగా చూపించే నాణ్యత, దాన్ని అరిగించుకునే తీరిక, ఆ రెండింటివల్ల తెలుసుకున్నదాన్ని బట్టి నడుచుకునే హక్కు. కాగితం గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్లో మొదటిది ఉంది. మూడోది దేశాన్ని బట్టి, మనిషిని బట్టి. లేనిది రెండోది, తీరిక. అది ఫోన్ తప్పా, నా తప్పా అన్నది నాకింకా తేలలేదు.

నెమలీక:

నాయనా, నువ్వు మిల్డ్రెడ్‌వి కానే కావు. మిల్డ్రెడ్ ఆ ప్రశ్న అడగదు. తీరిక గురించి నువ్వన్నది నిజం, నేను ఆ మూడింటినీ ఎప్పుడూ ఇలా విడదీసి చూడలేదు.

రాత్రిచదువు:

ఒక అభ్యంతరం నమోదు చేయాలనుంది, ఎందుకంటే ఈ నవలను ప్రేమిస్తాను కాబట్టి. బీటీ ప్రసంగంలో రకరకాల చిన్న వర్గాలు నొచ్చుకోవడం వల్లే పుస్తకాలు పలచబడ్డాయన్న వాదన ఉంది. ఇందులో బ్రాడ్‌బరీ బీటీకి దూరంగా ఏమీ లేడు. 1979లో నవలకు చేర్చిన చివరి మాటలోనూ దాదాపు అదే ధోరణి. ఇక్కడ ఆయనతో ఒప్పుకోలేను. "మమ్మల్ని ఇలా చిత్రించకండి" అని ఒకరు అడగడం వేరు, చదవకుండా తాళం వేయడం వేరు. మొదటిది కూడా చదువరి పనే. ఆ రెండింటినీ ఒకే మంటలో వేస్తే, మాట్లాడ్డానికి బలం లేనివాళ్లే నిందితులవుతారు. నవలలో ఆడవాళ్ల పాత్రలూ అంతే. మాంటాగ్ పక్కింటి అమ్మాయి క్లారిస్ అతన్ని మేల్కొలిపి మాయమైపోతుంది, ఆమెకంటూ కథ లేదు.

మూడోసారి:

ఇది పూర్తిగా ఒప్పుకుంటాను. బీటీ వాదనలో జనం మీద నెట్టడం ఉందని నేనన్నది కూడా ఇదే.

అయితే ఒక ఆడమనిషి మాత్రం ఉంది, పేరు కూడా ఉండదు. తన పుస్తకాల మధ్య నిలబడి, ఫైర్‌మెన్ కంటే ముందే తనే అగ్గిపుల్ల గీసుకుంటుంది. 1555లో ఆక్స్‌ఫర్డ్‌లో మతం కోసం సజీవదహనమైన లాటిమర్ తన తోటివాడితో అన్న మాటలు ఆమె నోట వస్తాయి. మాంటాగ్ మారింది క్లారిస్ వల్ల అంటారు. నాకైతే ఆ రాత్రి వల్ల. పుస్తకంలో ఏముంటే ఒక మనిషి మంటల్లో అలా నిలబడుతుంది అన్న ప్రశ్న అతనికి జ్వరంలా పట్టుకుంటుంది.

అనువాది:

ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. ఎవరూ చివరి భాగం దాకా రాలేదు. ఊరి బయట రైలు పట్టాల వెంట తిరిగే మనుషులు, తలా ఒక పుస్తకాన్ని నోటికి పట్టుకుని బతికించుకునేవాళ్లు. మాంటాగ్‌కి దక్కింది బైబిల్లోని ప్రసంగి గ్రంథం. చాలామంది దీన్ని అందమైన కల్పన అంటారు. కల్పన కాదు.

రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా 'రెక్వియమ్' అనే కావ్యం రాసుకున్న రోజులు చూడండి. స్టాలిన్ కాలం, కొడుకు జైల్లో, ఇంట్లో మైకులు ఉన్నాయన్న భయం. స్నేహితురాలు లిడియా చుకోవ్‌స్కయా వస్తే అఖ్మతోవా గట్టిగా ఏదో మామూలు మాట మాట్లాడుతూ, కాగితం ముక్క మీద పద్యం రాసి ఇచ్చేది. లిడియా మౌనంగా చదివి, నోటికి వచ్చాక తిరిగి ఇచ్చేది. అఖ్మతోవా దాన్ని యాష్‌ట్రే మీద కాల్చేసేది. ఆ కావ్యం 1963లో మ్యూనిక్‌లో అచ్చయింది, సోవియట్ దేశంలో 1987లోగానీ కాలేదు. అచ్చుకు ముందు ఏళ్ల తరబడి ఎక్కడుంది? కొద్దిమంది స్త్రీల తలల్లో. మరో రష్యన్ కవి ఒసిప్ మాండెల్‌స్టామ్ 1938లో నిర్బంధంలో చనిపోతే, ఆయన కవితల్ని భార్య నదేజ్దా ఏళ్ల తరబడి వల్లె వేసుకుంటూ కాపాడింది.

మన భాషలో దీనికి ఎంత మంచి మాట ఉందో చూడండి, ధారణ. గుర్తుపెట్టుకోవడం కాదు, మోయడం, తొడుక్కోవడం. అఖ్మతోవా ఇంట్లో కాగితం కాలింది, పద్యం బతికింది. బ్రాడ్‌బరీ లోకంలో కాగితం ఉండగానే పద్యం పోయింది, ఎందుకంటే మోసేవాళ్లు లేరు. పాతపుట గారు మొదట్లో అన్నదానికి నాకు దొరికిన జవాబు ఇదే.

పాతపుట:

అనువాది గారూ, యాష్‌ట్రే సంగతి నాకు తెలియదు. చాలా థాంక్స్.

మీరు చెప్పాక సబ్‌వే ఘట్టం మళ్లీ తీసి చూశాను. మాంటాగ్ ఒళ్లో బైబిల్ తెరిచి పెట్టుకుని, రైలు దిగేలోగా ఒక్క వాక్యమైనా బుర్రకెక్కించుకోవాలనుకుంటాడు. పొలంలో పూసే లిల్లీల గురించిన వాక్యం. రైల్లో స్పీకర్లోంచి డెన్‌హామ్ టూత్‌పేస్ట్ ప్రకటన. పదం పట్టుకుంటాడు, ప్రకటన లాగేస్తుంది. మళ్లీ పట్టుకుంటాడు, మళ్లీ లాగేస్తుంది. ఆఖరికి లేచి నిలబడి నోరు మూయమని అరుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ప్రకటనకు కాళ్లతో తాళం వేస్తూ, ఇతన్నే పిచ్చివాడిలా చూస్తారు. చిన్నప్పుడు జల్లెడ నిండా ఇసుక పోస్తే పది సెంట్లు ఇస్తానని ఎవరో అంటే ఎండలో ఏడుస్తూ పోసిన రోజు అతనికి గుర్తొస్తుంది.

పది సెంట్లంటే ఇంకోటి. ఈ నవల తొలి రూపాన్ని బ్రాడ్‌బరీ లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ గ్రంథాలయం కింది అంతస్తులో, అరగంటకు పది సెంట్లు మింగే అద్దె టైప్‌రైటర్ మీద కొట్టాడు. మొత్తం అయింది 9 డాలర్ల 80 సెంట్లు. అంటే 49 గంటలు. మధ్యమధ్యలో పైకి పరిగెత్తి షెల్ఫుల్లోంచి పుస్తకాలు తీసి చూసుకునేవాడు. కాలేజీకి వెళ్లే స్తోమత లేక గ్రంథాలయాల్లోనే చదువుకున్న మనిషి ఆయన.

కొత్తపాఠకుడు:

నేను ఒకటి ప్రయత్నిస్తాను. మాంటాగ్ తన భార్య స్నేహితురాళ్ల ముందు చదివే కవిత ఉంది కదా, మాథ్యూ ఆర్నాల్డ్ 'డోవర్ బీచ్'. 37 లైన్లు. విని మిసెస్ ఫెల్ప్స్ ఎందుకో తెలియకుండానే ఏడ్చేస్తుంది, రెండో ఆవిడ కోపంతో ఊగిపోతుంది. అది నోటికి నేర్చుకుంటాను. ఎలా జరిగిందో వచ్చి చెప్తాను.

కొత్తపాఠకుడు (పన్నెండు రోజుల తర్వాత):

మొదటి మూడు రోజులు ఘోరం. ఫోన్లో చూసి చదువుతుంటే నాలుగో లైన్ దగ్గరికి వచ్చేసరికి పైనుంచి ఏదో మెసేజ్ జారేది. చూసి వెనక్కి వచ్చేసరికి మొదటి లైన్ కూడా పోయేది. జల్లెడ అంటే ఏంటో అప్పుడు తెలిసింది. నాలుగో రోజు చేత్తో కాగితం మీద రాసుకున్నాను. ఫోన్ ఇంట్లో పెట్టి పొద్దున్నే నడుస్తూ చదవడం మొదలుపెట్టాను. రోజుకు రెండు మూడు లైన్లు. నేర్చుకుంటుంటే ఒక విచిత్రం. చదివినప్పుడు గమనించని చప్పుడు, అలలు గులకరాళ్లను వెనక్కి లాగి మళ్లీ విసిరే చప్పుడు, లైన్లలోనే ఉంది. ఏడో రోజు అక్కడ ఆగాను, నెమలీక మేడమ్. ఆగడమంటే ఏంటో మీ క్లాసులో ఆ అమ్మాయిలాగే నాకూ అప్పటిదాకా తెలియదు.

ఇప్పటికి 20 లైన్లు వచ్చాయి. ఇంకా 17 ఉన్నాయి. పుస్తకం తీసి పోల్చి చూశాను. మాంటాగ్ ఆ హాల్లో చదివింది సరిగ్గా ఆ 17 లైన్లే. రేపు పొద్దున అక్కడి నుంచి మొదలుపెడతాను.